ఒంటరిగా సైకిల్ మీద బరంపురం నుంచి జయపురానికి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఒడిశాలోని బరంపురంలో మోటారు వైండింగ్ పని చేస్తాను. మా తాతగారు పట్టుచీరల మూట సైకిలు వెనుక కట్టుకుని, తప్తపాణి ఘాటీ ఎక్కి, పర్లాకిమిడి, గుణుపురం మీదుగా రాయగడ దాకా వెళ్లి అమ్ముకుని వచ్చేవారు. ఆ దారిలోనే, ఇంకా ముందుకు కోరాపుట్, జయపురం వరకు సైకిల్ మీద వెళ్లాలని నా కోరిక. వెంట వస్తానన్న స్నేహితుడు మానుకున్నాడు. "ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావు?" అని అమ్మ అడుగుతోంది. దారిలో ఎవరిని నమ్మాలి? అన్నం పెట్టినవారికి డబ్బు ఇవ్వవచ్చా? ఎప్పుడు బయలుదేరాలి?

సమాధానం:

తప్పక వెళ్లండి. స్నేహితుడు మానుకున్నాడన్న కారణంతో మీరూ మానుకోవలసిన పని లేదు. ఇద్దరు కలిసి ప్రయాణించేటప్పుడు ఆకలి, అలసట, అనుమానం అన్నీ ఒకరితో ఒకరు చెప్పుకుని సరిపెట్టుకుంటారు; టీ కొట్టు దగ్గర ఆగినా మాటలు వారి మధ్యనే సాగుతాయి, పక్క బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి కల్పించుకోవడానికి సందు దొరకదు. ఒంటరిగా వచ్చినవాణ్ణి ఆయన తప్పకుండా పలకరిస్తాడు. తాతగారు నడిచిన దారిని చూడటమే మీ కోరిక అయితే ఇద్దరైనా ఫరవాలేదు. ఆ దారిలోని మనుషులను కలవాలని ఉంటే ఒక్కరే వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ఎవరిని నమ్మాలన్న మీ ప్రశ్నను ఆ ఊరివైపు నుంచి చూడమని కోరుతున్నాను. సాయంత్రం వేళ ఆర్. ఉదయగిరి దగ్గర ఏదో ఒక ఊళ్లోకి మీరు సైకిలు నడిపించుకుంటూ వెళ్లారనుకోండి. అక్కడ ప్రతివారికీ ప్రతివారూ తెలుసు. ఎవరి మేక ఎవరి చేలో పడిందో కూడా తెలుసు. తెలియనివారు మీరొక్కరే. భయపడటానికి కారణాలు మీకంటే వారికే ఎక్కువ, ఎందుకంటే ఇంట్లోని ఆడపిల్లలు, కొట్టంలోని పశువులు, కళ్లంలోని ధాన్యం అన్నీ వారివి. కాబట్టి మీరు వారిని నమ్మాలో వద్దో తేల్చుకునేలోపే వారు మీ గురించి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు, ఆ రాత్రి మీ క్షేమం చాలావరకు ఆ నిర్ణయాన్ని బట్టే ఉంటుంది. మీరెవరో, ఎక్కడినుంచి వచ్చారో, మళ్లీ ఎప్పుడు కదులుతారో ఊరికి త్వరగా, స్పష్టంగా తెలిసేలా నడుచుకోవడమే నేను చెప్పే సలహాల్లో ముఖ్యమైనది.

ఒడిశాలో పుట్టిన చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా గురించి మీరు వినే ఉంటారు. ఆయన 1977లో ఢిల్లీ నుంచి సైకిలు మీద బయలుదేరి, అఫ్ఘనిస్తాన్, ఇరాన్, తుర్కీల మీదుగా సాగి, స్వీడన్‌లో ఉన్న తన భార్య షార్లెట్‌ను చేరుకున్నారు. చేతిలో పెద్దగా డబ్బు లేదు. దారిలో కలిసినవారి బొమ్మలు గీసి ఇచ్చి తిండీ పడకా సంపాదించుకున్నారు. ఆ ప్రయాణం గురించి చెప్పుకునేవారందరూ ప్రేమకథనే చెప్పుకుంటారు. సైకిల్ మీద బయలుదేరేవారికి పనికివచ్చేది మాత్రం, నా దృష్టిలో, ఆ బొమ్మల సంగతి. బొమ్మ గీయాలంటే ఒకరి ఎదుట కొంతసేపు కదలకుండా కూర్చోవాలి. చుట్టూ నలుగురూ చేరి చేతిపని చూస్తారు. భాష రాకపోయినా ఈ మనిషి ఏమిటో ఆ కాసేపట్లో వారికి అర్థమవుతుంది. అపరిచితుడన్న గుర్తు పోవడానికి అవసరమైనది ఆ కాసేపే. మీ చేతిలోనూ అలాంటి విద్య ఒకటి ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

దారిలో కలిసేవారందరూ మంచివారేనని నేను అనను. పుణెకు చెందిన వేదాంగీ కులకర్ణి 2018లో దాదాపు 29,000 కిలోమీటర్లు సైకిల్ తొక్కి ప్రపంచాన్ని చుట్టివచ్చారు. ఆ ప్రయాణంలో స్పెయిన్‌లో ఆమెను కత్తి చూపి దోచుకున్నారు. ఆమె ఆ తరువాత కూడా ప్రయాణం సాగించి పూర్తిచేశారు. ప్రమాదం ఉందని తెలిసి, దానికి తగిన జాగ్రత్తతో వెళ్లమనే మీ అమ్మగారికీ మీకూ నా మనవి.

మీ దారిని పటం మీద పెట్టి చూస్తే, అమ్మగారి భయంలో సగం అక్కడే తగ్గుతుంది. తప్తపాణిలో ఉష్ణగుండం పక్కనే పర్యాటక శాఖ వసతిగృహం ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం పట్టణాలన్నిటిలోనూ లాడ్జీలు దొరుకుతాయి. రోజుకు 40 నుంచి 60 కిలోమీటర్లు తొక్కుతారనుకుంటే, లాడ్జి లేని చోట చీకటిపడే రాత్రులు రెండో మూడో ఉంటాయి: ఒకటి మోహన, చంద్రగిరి దాటిన తరువాత గజపతి జిల్లా కొండల్లో, ఇంకొకటి రాయగడకూ కోరాపుట్‌కూ మధ్య. ఈ రెండో భాగాన్ని తేలికగా తీసుకోకండి. రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటే, కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో దిగి మళ్లీ ఎక్కవలసినవి వేరు. లక్ష్మీపూర్ చుట్టుపక్కల ఒక రాత్రి ఆగవలసి వస్తుందని ముందే అనుకుని బయలుదేరితే మంచిది.

బయలుదేరవలసిన కాలం కార్తీకం వెళ్లాక. గంజాం, గజపతి జిల్లాలకు అక్టోబరు నెల తుపానుల నెల అని మీకు వేరే చెప్పనక్కరలేదు: 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడేంత వానలు కురిపించి ప్రాణాలు తీసింది. నవంబరు చివరి నుంచి జనవరి దాకా ఆకాశం తేటగా ఉంటుంది, వరి కోతలు, నూర్పుళ్ల వల్ల పొలాల్లో, రోడ్ల మీద పగలంతా మనుషులు ఉంటారు. కోరాపుట్ పీఠభూమి మీద రాత్రి చలి గట్టిగా ఉంటుంది, బరంపురం చలికి సరిపోయే దుప్పటి అక్కడ సరిపోదు.

ఆ కాలంలో ఒక ఇబ్బంది ఉంది: పొద్దు త్వరగా వాలుతుంది. డిసెంబరులో ఈ జిల్లాల్లో సాయంత్రం ఐదుంపావు అటూ ఇటూగా సూర్యాస్తమయం అవుతుంది, కొండల మధ్య అంతకుముందే నీడ కమ్ముకుంటుంది. కాబట్టి ఏ ఊళ్లో ఆగదలచుకున్నారో ఆ ఊరికి మూడున్నరకల్లా చేరండి. ఇంకో పది కిలోమీటర్లు తొక్కగలనన్న ఉత్సాహం ఆ వేళకు తప్పకుండా కలుగుతుంది, దాన్ని అణచుకోండి. వెలుగు ఉండగా వచ్చినవాడు బాటసారి, చీకటిపడ్డాక వచ్చినవాడి గురించి ఊరు ఏమైనా అనుకోవచ్చు. పైగా మూడున్నరకు చేరినవారికి ఆ ఊళ్లో మనసు కుదరకపోతే పక్క ఊరికి వెళ్లే వ్యవధి మిగిలి ఉంటుంది.

ఊరి మొదట్లోనే సైకిలు దిగి నడవండి. తిన్నగా ఇళ్ల మధ్యకు వెళ్లకుండా, కొట్టు ఉంటే కొట్టు దగ్గర, లేకపోతే చెట్టుకింద అరుగు దగ్గర ఆగి, టీ గాని మంచినీళ్లు గాని అడిగి కూర్చోండి. హెల్మెట్, నల్లకళ్లద్దాలు తీసి పక్కన పెట్టండి, ముఖం కనబడని మనిషితో ఎవరూ మాట కలపరు. అడిగేలోపే మీ పేరు, ఊరు, పని చెప్పండి; తాతగారు ఈ దారినే చీరలు అమ్మేవారని చెప్పండి. ఇది మామూలు విషయం కాదు. ఈ జిల్లాల్లో వయసుమళ్లినవారికి బరంపురం పట్టు అమ్మే సైకిల్ వర్తకుడి రూపం ఇంకా జ్ఞాపకం ఉంటుంది, తమ పెళ్లికి ఎవరి దగ్గర చీర కొన్నారో చెప్పే ముసలమ్మలు కనబడితే ఆశ్చర్యపోకండి.

కాస్త మాట కలిశాక, సర్పంచి గాని వార్డు మెంబరు గాని ఎక్కడ ఉంటారని అడగండి. రాత్రి పడుకోవడానికి చోటు అడిగేటప్పుడు "మీ ఇంట్లో" అనకండి, "ఊళ్లో" అనండి. ఇంట్లో చోటు అడిగితే కాదనలేక ఒకరు ఇబ్బందిపడతారు. ఊళ్లో చోటు అడిగితే నలుగురూ కలిసి ఆలోచిస్తారు, ఆ రాత్రికి నలుగురూ మీకు బాధ్యులవుతారు. గంజాం వైపు ఊళ్లలో భాగవత ఘరం, అంటే ఊరివారు కూడి భాగవతం చదువుకునే ఇల్లు, ఉంటుంది. మిగతా చోట్ల పంచాయతీ కార్యాలయపు వరండా, ప్రాథమిక పాఠశాల వరండా ఉంటాయి. గజపతి జిల్లా కొండల్లో చాలా ఊళ్లకు చర్చి ఉంది, పాస్టరును అడిగితే సాధారణంగా కాదనరు. ఏ చోటయినా తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వారి నోటి నుంచి సరేనన్న మాట రావాలి. పిల్లలు చదువుకునే ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో మాత్రం చోటు అడగకండి. ఎవరైనా మంచితనంతో రమ్మన్నా వద్దనండి, అక్కడి ఉపాధ్యాయుడి ఉద్యోగానికే అది ముప్పు తెస్తుంది.

మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు. పెళ్లి అయిందా, జీతం ఎంత, సైకిలు ఖరీదెంత, బస్సు ఉండగా ఈ పాట్లు ఎందుకు అన్న ప్రశ్నలన్నీ ఓపికగా వినండి. కులం కూడా అడుగుతారు. దానికి మీరు ఏం చెబుతారో మీ ఇష్టం, కానీ ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను: అన్నం ముందు ఎవరు పెడతామంటే వారింటనే తినండి. సవరల ఇంట్లోనో, డొంబుల ఇంట్లోనో అంబలి తాగమని పిలిచారనుకోండి; సరేనని తలూపి, తరువాత ఎవరో పెద్దింటివారు కబురు పెట్టారని అటు వెళితే ఆ మొదటి ఇంటికి మీరు చేసే అవమానం మీరు జయపురం చేరినా ఆ ఊళ్లో మిగిలిపోతుంది. మన సరిహద్దు జిల్లాల తెలుగువారిలో ఈ పట్టింపు పోయిందని అనుకుంటాం. పోలేదు. మీ ప్రయాణంలో అది లేకుండా చూసుకోండి.

చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త అవసరం. సైకిలు చూసి వారే ముందు చుట్టుముడతారు, మీకు ముచ్చట వేస్తుంది, జేబులోంచి చాక్లెట్లు తీయాలనిపిస్తుంది. తీయకండి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి వాట్సాప్‌లో పాకి, అనేక రాష్ట్రాల్లో ఏ పాపమూ తెలియని బాటసారులను కొట్టి చంపారు. అలాంటి వదంతి ఎప్పుడైనా మళ్లీ పుట్టవచ్చు. పెద్దలు ఎదురుగా ఉన్నప్పుడే పిల్లలతో మాట్లాడండి, ఇవ్వదలచుకున్నది ఏదైనా ఇంటి పెద్ద చేతికి ఇవ్వండి. ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది: అడిగి, సరేనన్నాకే తీయాలి, కొండ ఊళ్ల ఆడవారిని, వారి పచ్చబొట్లను, నగలను వింతగా తీయడం అసలు వద్దు. పోలీసు క్యాంపులను, వంతెనలను సరదాకైనా ఫొటో తీయకండి.

ఎవరైనా పొట్లం గాని, సంచి గాని ఇచ్చి, "దారిలో ఫలానా ఊళ్లో మా బావమరిదికి ఇవ్వండి" అంటే తీసుకోకండి. ఎంత మంచి మనిషి అడిగినా, ఎంత చిన్న పొట్లమైనా తీసుకోకండి. గజపతి, కోరాపుట్ కొండల్లో గంజాయి సాగు, రవాణా ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. చెక్‌పోస్టులో మీ సంచీలు విప్పినప్పుడు అందులో ఏముంటే దానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద జవాబు చెప్పవలసింది మీరే. అన్నం పెట్టిన మనిషికి ఈ ఒక్క విషయంలో కాదనడం తప్పు కాదు. తనిఖీ చేసే పోలీసులను చూసి కంగారుపడకండి; ఆధార్ కార్డు పైజేబులో ఉంచుకుని, ఎక్కడినుంచి ఎక్కడికో చెప్పి, సంచులు మీరే విప్పి చూపండి. ముందు దారిలో అడ్డదారులు పట్టవద్దని వారు చెబితే ఆ మాట వినండి. మావోయిస్టుల పోరు నడిచిన ప్రాంతాలు ఈ జిల్లాల్లో ఉన్నాయి. పెద్ద రోడ్డు వదిలి అడవిలోని కాలిబాటల వెంట వెళ్లడం మీ ప్రయాణానికి అవసరం కూడా లేదు.

ఏ ఊళ్లో సంత ఏ రోజో ముందురోజే కనుక్కోండి. సంత రోజు ఉదయం కొండదారి మనుషులతో నిండి ఉంటుంది: చింతపండు, పసుపు, అల్లం, కోళ్లు, కట్టెలు నెత్తిన పెట్టుకుని వరుసగా నడిచేవారి పక్కన సైకిలు నెమ్మదిగా సాగితే, ఎక్కుడు దగ్గర మీరూ దిగి వారితోపాటు నడుస్తారు, మాటలు వాటంతటవే వస్తాయి. ఒంటరి ప్రయాణికుడికి అంతకంటే క్షేమమైన, సంతోషకరమైన పూట ఇంకొకటి ఉండదు. అదే సంత సాయంత్రం వేరు. జీలుగు కల్లో, ఇప్పసారానో తాగి ఇళ్లకు మళ్లేవారు ఉంటారు, వారిలో ఎవరో ఒకరు మీ సైకిలు హ్యాండిలు పట్టుకుని వదలకపోవచ్చు. అతనితో వాదించకండి, నవ్వి, పక్కనున్న ఆడవారినో పెద్దవారినో పిలవండి, వారే అతణ్ణి తీసుకుపోతారు. ఇంకా మంచిది, ఆ వేళకు మీరు ఆగవలసిన చోట ఆగి ఉండటం.

దారి అడగడం కూడా ఒక విద్యే. "ఈ దారి గుణుపురం పోతుందా?" అని అడిగితే, కాదని చెప్పి మీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేని పెద్దమనిషి అవుననే అంటాడు. "గుణుపురానికి ఏ దారి?" అని అడగండి. రోడ్డు బాగుందా అని లారీ డ్రైవరును అడగవచ్చు గాని, ఎక్కుడు ఎంత ఉందని ఆయనను అడిగి ప్రయోజనం లేదు, ఇంజను ఎక్కిన ఎక్కుడు ఆయన కాళ్లకు తెలియదు. ఆ సంగతి కట్టెలమోపు దించి కూర్చున్న ఆడమనిషికి తెలుస్తుంది. దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నడకలో అడగండి, తెల్లవారుజామున బయలుదేరితే ఎప్పటికి చేరతారని అడగండి. మోహన, ఆర్. ఉదయగిరి ప్రాంతంలో ఏనుగుల గురించి కూడా కనుక్కోండి. లఖారీ లోయ వాటి నివాసం, తెల్లవారకముందు ఆ దారిలో సైకిలు తొక్కడం మంచిది కాదు.

భాష మీకు అడ్డంకి కాదు. బరంపురంలో పెరిగినవారికి ఒడియా వచ్చు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బజార్లలో తెలుగు బాగానే నడుస్తుంది. కొండ ఊళ్లలో సవర, కువి మాట్లాడేవారి దగ్గర మాత్రం వారి భాషా ఒడియా రెండూ వచ్చిన మనిషి దొరకాలి, సాధారణంగా అంగన్‌వాడీ కార్యకర్తో, ఆశా కార్యకర్తో, బడిపంతులో ఆ మనిషి అవుతారు. అయినా నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి (1863–1940) సవరలతో మాట్లాడటం కోసం వారి భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. అంత పని మీకు అక్కరలేదు. నీళ్లు, అన్నం, దారి, చాలు, వెళ్లివస్తాను అన్నవి వారి భాషలో పలికితే చాలు, మీ తప్పులు చూసి వారు నవ్వుతారు, ఆ నవ్వు తరువాత మీకు మర్యాదలు మొదలవుతాయి.

ఇక డబ్బు. కొట్టులో తిన్నదానికి, తాగినదానికి బేరం ఆడకుండా అడిగినంత ఇవ్వండి. ఇంట్లో పెట్టిన అన్నానికి మాత్రం పొద్దున్నే నోటు తీసి చేతిలో పెట్టకండి. రాత్రి అతిథిగా చూసుకున్నవారిని తెల్లారేసరికి హోటలువారిని చేసినట్లవుతుంది. దానికి తాతల కాలం నుంచి ఉన్న పద్ధతి ఒకటి ఉంది: సాయంత్రం ఆ ఊరికి చేరేముందు కొట్టులో కిలో కందిపప్పు, అరలీటరు నూనె, ఉల్లిపాయలు కొనండి, ఫలానా ఇంట భోజనమని తేలగానే, పొయ్యి వెలిగించకముందే ఆ ఇంటి ఇల్లాలికి అందించండి. వంటకు ముందు ఇచ్చినది ఆ ఇంటి కుండలో కలుస్తుంది. తరువాత ఇచ్చినది లెక్క అవుతుంది. చోటు ఇచ్చినది గుడో చర్చో అయితే హుండీలో వేయవచ్చు.

మీ చేతిపని సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక స్క్రూడ్రైవరు, ఒక టెస్టరు, కాస్త ఇన్సులేషన్ టేపు, రెండు మూడు ఫ్యాను కండెన్సర్లు సంచిలో వేసుకోండి. ఏ ఊళ్లోనైనా తిరగని ఫ్యాను ఒకటి, వెలగని స్విచ్‌బోర్డు ఒకటి, మూలనపడిన పంపు మోటారు ఒకటి ఉంటాయి. బాగుచేసేవాడి కోసం బ్లాకు కేంద్రానికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. మీరు అరుగు మీద కూర్చుని ఫ్యాను విప్పితే చాలు, మహానందియా బొమ్మలు చేసిన పని మీ టెస్టరు చేస్తుంది. డబ్బు తీసుకోకండి, అలాగని నాలుగిళ్ల పనీ నెత్తిన వేసుకుని మరుసటి రోజు ప్రయాణం పోగొట్టుకోకండి. ముఖ్యంగా, స్తంభం మీది తీగల జోలికి వెళ్లకండి.

సైకిలు గురించి మీరు అడగలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పల్లె షాపులో దొరికే టైరు, ట్యూబు కొలతలున్న సైకిలునే ఎంచుకోండి. సన్నటి విదేశీ వాల్వు ఉన్న ట్యూబుకు అక్కడి పంపు పట్టదు. ఘాటీ దిగేటప్పుడు ఒకే బ్రేకు అదేపనిగా నొక్కిపట్టకుండా ముందుదీ వెనుకదీ మార్చిమార్చి పట్టండి, కొత్త బ్రేకు రబ్బర్లు ఒక జత దగ్గర ఉంచుకోండి. కాలు లాగేసినా, మనసు లాగేసినా బస్సు టాపు మీద సైకిలు వేసుకోవచ్చు. తాతగారి కాలంలో పర్లాకిమిడి, గుణుపురం మధ్య నడిచిన చిన్న రైలు 2004లో ఆగి, 2011 నుంచి పెద్ద లైను మీద నడుస్తోంది. రాయగడ, కోరాపుట్ మధ్య కూడా రైలు ఉంది. అవసరమైతే వాటిని వాడుకోవడానికి మొహమాటపడకండి.

ఏదైనా చోట మనసుకు కీడు తోస్తే కారణం దొరికే దాకా ఆగవద్దు. ఒకే మనిషి పదే పదే మీ దగ్గర డబ్బు ఎంత ఉందని, ఫోను ఖరీదెంతని అడుగుతుంటే, నలుగురున్న చోటినుంచి పక్కకు రమ్మంటుంటే, ఊరి పెద్దకు చెప్పవద్దంటుంటే అక్కడినుంచి లేవండి. వెలుతురుంటే పక్క ఊరికి, లేకపోతే ఆ ఊళ్లోనే దీపం ఉన్న, ఆడవారూ పిల్లలూ ఉన్న ఇంటి ముందుకు వెళ్లి, జరిగినది గట్టిగా చెప్పండి. 112కు ఫోన్ చేయవచ్చు గాని, కొండల్లో సిగ్నలు అన్నిచోట్లా ఉండదు, ఊరివారి సాయమే ముందు అందుతుంది.

ఆ సిగ్నలు సంగతి అమ్మగారితో ముందే మాట్లాడుకోండి. ఏ రోజు ఎక్కడ ఆగుతారో కాగితం మీద రాసి ఆమె చేతికి ఇవ్వండి. పొద్దున బయలుదేరేటప్పుడు, సాయంత్రం చేరాక ఫోన్ చేస్తానని, సాయంత్రం సిగ్నలు లేకపోతే మర్నాడు మధ్యాహ్నం దాకా చూడమని చెప్పండి. చేయలేని మాట ఇవ్వకండి. గంటకోసారి ఫోన్ చేస్తానని చెప్పి, ఒక ఘాటీలో రెండు గంటలు మాట లేకపోతే ఆ తల్లి పడే బాధ మీ ప్రయాణంలోని ఏ కష్టానికీ తక్కువ కాదు. వీలైనచోట చోటు ఇచ్చినవారితో ఆమెను మాట్లాడించండి. అటువైపు నుంచి ఒక ఇల్లాలు "మీ అబ్బాయి అన్నం తిన్నాడు" అని ఒడియాలోనో తెలుగులోనో చెబితే ఆమెకు వచ్చే ధైర్యం నా ఈ జాబు అంతా చదివినా రాదు.

దోమతెర మరచిపోకండి. ఈ కొండల్లో మలేరియా పాత శత్రువు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం సాధారణంగా దోమ కుట్టిన 7 నుంచి 14 రోజులకు బయటపడుతుంది, అంటే మీరు ఇంటికి చేరాక జ్వరం రావచ్చు. వస్తే అలసట వల్ల వచ్చిందనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి, ఎక్కడెక్కడ తిరిగారో డాక్టరుకు చెప్పండి.

ఇంకొక్క పని ఉంది, దాన్ని బయలుదేరకముందే సిద్ధం చేసుకోవాలి. మీ పేరు, వీధి, ఫోన్ నంబరు ఒడియాలో రాసిన చిన్న కాగితాలు కొన్ని దగ్గర పెట్టుకుని, అన్నం పెట్టిన ప్రతి ఇంట్లో ఒకటి ఇచ్చి రండి. గజపతి, రాయగడ జిల్లాల్లో జబ్బు ముదిరితే చాలామంది రోగులను తీసుకువచ్చేది పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున్న మీ బరంపురం ఎం.కె.సి.జి. వైద్యకళాశాల ఆసుపత్రికే. చీటీ ఎక్కడ రాస్తారో, రక్తం ఎక్కడ ఇస్తారో, రాత్రి రోగి తాలూకువారు ఎక్కడ పడుకోవాలో తెలియక ఆ ఆవరణలో తిరిగేవారు ఈ ఊళ్ల మనుషులే. అక్కడ అపరిచితులు వారు. ఆ కాగితం మడత విప్పి ఎవరైనా మీకు ఫోన్ చేస్తే, చేతిలో పని ఆపి వెళ్లండి, ఇంటినుంచి అన్నం పట్టుకెళ్లండి. అది ఏ తెల్లవారుజామునైనా జరగవచ్చని అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.